దైనందిన మనోవ్యథలకు సైకాలజిస్టు సహాయం

రాత్రి నిద్ర పట్టకపోవడం, ఆఫీసుకు బయలుదేరే వేళకు గుండెల్లో గుబులు, అత్తింట ఇమడలేకపోవడం, పిల్లల చదువు గురించి తెగని బెంగ, ఆత్మీయులు పోయి నెలలు గడిచినా తగ్గని దుఃఖం, చిన్న మాటకే ముంచుకొచ్చే కోపం వంటి ఇబ్బందులు జబ్బు అని పేరు పెట్టదగినంత తీవ్రమైనవి కాకపోయినా, మనిషి పనిని, ఇంటిని, ఒంటిని కుదురుగా ఉండనీయవు. ఇటువంటి ఇబ్బందులతో, శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుడి వద్దకు వెళ్లి, కొంతకాలం పాటు ఒక పద్ధతి ప్రకారం మాటల ద్వారాను, అభ్యాసాల ద్వారాను సహాయం పొందడాన్ని కౌన్సెలింగ్ అంటారు. అదే సహాయం మరింత లోతుగా, మరింత కాలం సాగి, పాతుకుపోయిన ఆలోచనల తీరును, సంబంధాల తీరును మార్చడానికి పూనుకున్నప్పుడు దానిని సైకోథెరపీ, అంటే మానసిక చికిత్స అంటారు. ఈ రెండింటి మధ్య గీత పాఠ్యపుస్తకాలలో ఉన్నంత స్పష్టంగా ఆచరణలో కనిపించదు.

తెలుగు సమాజంలో కష్టం చెప్పుకోవడానికి మనుషులు ఎప్పుడూ కరవు కాలేదు. మేనమామ, పెద్దక్క, పక్కింటి పిన్నిగారు, గుడి పూజారి, ఊరి పెద్ద వంటి వారంతా విని, తమకు తోచిన దారి చెప్పేవారు, ఇప్పటికీ చెబుతున్నారు. సైకాలజిస్టు చేసే పని దీనికి మెరుగుపెట్టిన రూపమేనన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. సైకాలజిస్టు వద్దకు వెళ్లినవారిలో చాలామంది ఒకటి రెండు సార్లకే నిరాశపడి మానుకోవడానికి ఈ అపోహే ఒక ముఖ్య కారణం. సలహా కోసం వెళ్లినవారికి అక్కడ ప్రశ్నలు ఎదురవుతాయి, ఇంటి వద్ద చేసుకురావలసిన పని ఇస్తారు, ఫలానా పని చేయమని చెప్పమంటే మాత్రం సూటిగా జవాబు రాదు.

ఎవరు ఎవరు

ఈ రంగంలో పనిచేసేవారందరినీ ఒకే గాటన కట్టడం వల్ల సహాయం కోరేవారు తరచు ఒకరి వద్దకు వెళ్లబోయి మరొకరి వద్దకు చేరుతుంటారు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, మానసిక వైద్యంలో ఎం.డి., డి.ఎన్.బి. లేదా డి.పి.ఎం. చేసిన వైద్యుడు, మందులు రాసే అధికారం అతనికి ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు వైద్యుడు కాడు, మందులు రాయడు. మనస్తత్వ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందిన తరువాత, ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేళ్ల ఎం.ఫిల్. వంటి కోర్సును గుర్తింపు పొందిన సంస్థలో పూర్తిచేసి, 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకున్నవారికే ఆ హోదా చెల్లుతుంది. అటువంటివారు దేశం మొత్తం మీద కొద్ది వేల మంది మాత్రమే ఉన్నారు.

కౌన్సెలింగ్ సైకాలజిస్టు సాధారణంగా మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఎ. లేదా ఎం.ఎస్‌సి. చేసి, కౌన్సెలింగ్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన వ్యక్తి. దైనందిన ఇబ్బందులకు ఎక్కువమంది వెళ్లేది వీరి వద్దకే అయినా, వీరికి తప్పనిసరి నమోదు అంటూ చాలాకాలం లేదు. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చిన తరువాతనే ఈ వృత్తి ఒక చట్టం పరిధిలోకి చేరింది. దాని అమలు మాత్రం ఇంకా నెమ్మదిగానే సాగుతున్నది. ఈ ఖాళీలోకి వారాంతపు కోర్సు సర్టిఫికెట్లతో బోర్డు కట్టినవారు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు, హిప్నాటిజం చేస్తామనేవారు చేరిపోయారు. వారిలో మంచి వక్తలు ఉండవచ్చు గానీ, సభలో వెయ్యిమందిని ఉత్సాహపరచడం, గదిలో ఒక మనిషి చెప్పేది వినడం వేర్వేరు విద్యలు.

పూర్వ చరిత్ర

మనోవ్యాధికి మాటే మందు కాగలదన్న ఆలోచన ఆధునిక వైద్యంలో వియన్నా నగరంలో రూపుదిద్దుకుంది. యోసెఫ్ బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో హిస్టీరియా పై ప్రచురించిన గ్రంథంలో "అన్నా ఓ" అన్న మారుపేరుతో వర్ణించిన రోగి తన చికిత్సకు తానే "మాటల వైద్యం" అని పేరు పెట్టింది. ఆ మరుసటి ఏడాది, 1896లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ తొలి సైకాలజీ క్లినిక్ తెరిచాడు. అక్కడికి వచ్చినవారు మతిస్థిమితం తప్పినవారు కారు. చదువులో వెనకబడుతున్న పిల్లలు. జబ్బు లేనివారికి కూడా మనస్తత్వ శాస్త్రం ఉపయోగపడుతుందన్న భావన ఆ క్లినిక్‌తోనే ఆచరణలోకి వచ్చిందని చెప్పవచ్చు.

దైనందిన ఇబ్బందుల వైపు ఈ వృత్తిని నిజంగా మళ్లించినవాడు కార్ల్ రోజర్స్. ఆయన 1942లో వెలువరించిన గ్రంథంలో సహాయం కోరి వచ్చిన వ్యక్తిని రోగి అనడం మానివేసి క్లయింట్ అన్నాడు. 1957 నాటి వ్యాసంలో, వచ్చిన మనిషిని షరతులు లేకుండా అంగీకరించడం, అతని కోణం నుంచి అర్థం చేసుకోవడం, నిపుణుడు తాను నటన లేకుండా ఉండడం మార్పుకు అవసరమైన పరిస్థితులని వాదించాడు. ఫ్రాయిడ్ పద్ధతిలో శిక్షణ పొందిన ఆరన్ బెక్, 1960ల్లో కుంగుబాటుతో వచ్చినవారిని గమనిస్తూ, వారి మనసులో చటుక్కున మెరిసి మాయమయ్యే ప్రతికూల ఆలోచనలే దిగులును పెంచుతున్నాయని గుర్తించి, ఆలోచనను, ప్రవర్తనను కలిపి సరిదిద్దే పద్ధతికి పునాది వేశాడు. సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స అన్న పేరుతో, వాడుకలో సి.బి.టి.గా, నేడు ప్రపంచంలో అత్యధికంగా పరిశోధనకు గురైన పద్ధతి ఇదే.

భారతదేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఆయనకు సుదీర్ఘకాలం ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. బెంగళూరులో 1954లో ఏర్పడి, 1974లో నిమ్హాన్స్‌గా మారిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1950ల్లోనే వైద్య సంబంధ మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ ప్రారంభించింది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు 1967లో నెలకొల్పిన విభాగం మనస్తత్వ శాస్త్రంతో పాటు అతీంద్రియ శక్తుల పరిశోధననూ చేపట్టి అంతర్జాతీయంగా పేరు పొందింది. అయితే ఆ ఖ్యాతి పరిశోధనకు సంబంధించినది, గుబులుతో నిద్రపట్టని గుమాస్తాకు అది చేరలేదు.

సామాన్య తెలుగు పాఠకుడికి మనసు గురించిన మాటలు క్లినిక్ కంటే ముందు అచ్చులో పరిచయమయ్యాయి. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరుపొందిన గోపీచంద్ రచన "అసమర్థుని జీవయాత్ర" అటువంటిది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల తరబడి నిర్వహించిన "ప్రమదావనం" శీర్షిక మనసులోని కష్టం చెప్పుకునే అవసరాన్ని మరింత నేరుగా తీర్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతిని ముఖం చూపకుండా ఉత్తరంలో రాసి, ఒక అనుభవజ్ఞురాలి జవాబు కోసం పత్రిక తిరగవేసే అలవాటును ఆ శీర్షిక కొన్ని తరాల స్త్రీలకు నేర్పింది. తరువాతి కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" వంటి పుస్తకాలు, ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా ప్రసిద్ధుడైన బి.వి. పట్టాభిరామ్ ఉపన్యాసాలు, రచనలు ఆ స్థానంలోకి వచ్చాయి. వీటివల్ల మనసు కూడా శ్రద్ధ పెట్టవలసిన వస్తువేనన్న ఎరుక పెరిగింది. అదే సమయంలో, సంకల్పబలం ఉంటే చాలునన్న నమ్మకం బలపడి, ఎంత ప్రయత్నించినా దిగులు తగ్గనివారికి తామే చేతకానివారమన్న అపరాధ భావాన్ని కూడా మిగిల్చింది.

గదిలో జరిగేది

తొలి సమావేశం సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది. ఇబ్బంది ఎప్పటి నుంచి ఉన్నది, ఏ వేళ ఎక్కువవుతున్నది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, మద్యం అలవాటు ఉన్నదా, ఇంతకు ముందు మందులు వాడారా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు వంటి ప్రశ్నలు ఎదురవుతాయి. వీటన్నిటికంటె ఉపయోగపడే ప్రశ్న మరొకటి ఉంది: ఇన్నాళ్లుగా ఉన్న ఇబ్బందికి ఇప్పుడే ఎందుకు వచ్చారు అన్నది. ఆ జవాబులో తరచు అసలు సంగతి బయటపడుతుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ బి12 తగ్గడం కూడా దిగులును, నీరసాన్ని పోలిన లక్షణాలు చూపగలవు కనుక, జాగ్రత్తగల సైకాలజిస్టు రక్తపరీక్షలు చేయించుకున్నారో లేదో అడుగుతాడు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా సూటిగా అడుగుతాడు. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు, అడిగినందుకు ఊరట పొందినవారే ఎక్కువ.

కొందరు ప్రశ్నావళులు వాడతారు. వాటిలో బాగా వ్యాప్తిలో ఉన్న పి.హెచ్.క్యు.-9 గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు వేసి, ఒక్కొక్క దానికి 0 నుంచి 3 వరకు మార్కులు ఇచ్చి, మొత్తం 27లో కుంగుబాటు తీవ్రతను అంచనా వేస్తుంది. ఇది రోగ నిర్ణయం కాదు. నాలుగు వారాల తరువాత అదే కాగితం మళ్లీ నింపినప్పుడు మార్పును కొలవడానికి మాత్రం బాగా పనికివస్తుంది.

సి.బి.టి.లో తరచు వాడే ఆలోచనల పట్టిక పనిచేసే తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరరుకు శనివారం సాయంత్రం ప్రిన్సిపాల్ నుంచి, సోమవారం వచ్చి ఒకసారి కలవమని వాట్సాప్ సందేశం వచ్చింది. ఆమె ఆదివారమంతా మంచం దిగలేదు, భర్తకు చెప్పలేదు, ఆ సందేశాన్నే పదేపదే తీసి చూసుకుంది. పట్టికలో మొదటి గడిలో జరిగిన సంగతి, అంటే సందేశం వచ్చిందన్న మాట ఒక్కటే రాయాలి. రెండో గడిలో ఆ క్షణంలో తోచిన ఆలోచన: "రిజల్టు తగ్గింది, నన్ను తీసేస్తారు." మూడో గడిలో భావం, దాని బలం: భయం, నూటికి 90. తరువాతి గడుల్లో ఆ ఆలోచనను బలపరిచే ఆధారాలు, బలపరచని ఆధారాలు రాయాలి. నిరుడు ఇద్దరు సహోద్యోగులను తీసేసిన మాట నిజం. అలాగే, ఇంతకు ముందు ఇటువంటి సందేశాలు మూడుసార్లు వస్తే రెండుసార్లు టైంటేబుల్ మార్పు గురించి, ఒకసారి ఇన్విజిలేషన్ డ్యూటీ గురించి అయిన మాటా నిజం. చివరి గడిలో, సంగతి ఏమిటో ఇంకా తెలియదు, తెలుసుకోవడానికి ఫోను చేసి అడగవచ్చు అన్న వాక్యం చేరుతుంది. భయం 90 నుంచి 50కి దిగుతుంది.

భయం సున్నాకు రాకపోవడం ఇక్కడ గమనించదగినది. మంచినే ఊహించుకోమని చెప్పడం ఈ పద్ధతి ఉద్దేశం కాదు. ఆలోచనను జరిగిన సంగతి నుంచి విడదీసి చూడగలగడం, రెండోసారి, మూడోసారి అదే పని సైకాలజిస్టు లేకుండా సొంతంగా చేయగలగడం దాని లక్ష్యం. ఆమె భయపడినదే నిజమై ఉద్యోగం పోయే పరిస్థితి ఉంటే పట్టికను పక్కనపెట్టి సమస్యా పరిష్కార పద్ధతిని చేపడతారు. రావలసిన జీతం ఎంత, కట్టవలసిన ఇ.ఎం.ఐ. ఎంత, ఏ కాలేజీల్లో ఖాళీలు ఉన్నాయి, ఎవరికి ముందు ఫోను చేయాలి అన్నది కాగితం మీద పెట్టి, వారంలో చేయగల మొదటి పని ఒకటి ఎంచుకుంటారు. బతుకులో ఉన్న నిజమైన కష్టాన్ని ఆలోచనల లోపంగా చూపించడం ఈ వృత్తిలోని అసమర్థులు తరచు చేసే పొరపాటు.

దిగులుతో పనులన్నీ వదులుకుని ముడుచుకుపోయినవారికి ప్రవర్తనను కదిలించే పద్ధతి వాడతారు. మనసు బాగుపడిన తరువాత పనులు మొదలుపెడదామనుకోవడం సహజం. ఈ పద్ధతి దానిని తిరగవేసి, పొద్దున పాల బూత్ దాకా నడక, బుధవారం చెల్లెలికి ఫోను వంటి చిన్న పనులను వేళ కట్టి చేయిస్తుంది, చేసిన తరువాత మనసు ఎలా ఉన్నదో రాయిస్తుంది. భయపడి తప్పించుకు తిరుగుతున్న సందర్భాలకు మెట్టుమెట్టుగా అలవాటు పడడం మరొక పద్ధతి. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టి చేసే కుటుంబ చికిత్స, బాల్యం నుంచి వస్తున్న సంబంధాల తీరును వెదికే మనోవిశ్లేషణ సంప్రదాయం, బౌద్ధ ధ్యానం నుంచి ఎరువు తెచ్చుకున్న మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతులు కూడా వాడుకలో ఉన్నాయి. చాలామంది సైకాలజిస్టులు ఒక్క పద్ధతికే కట్టుబడరు.

ఇబ్బందిని బట్టి ఆరు నుంచి ఇరవై సమావేశాల వరకు పట్టవచ్చు. వారానికి ఒకసారి కలవడం మామూలు. సమావేశాల సంఖ్య కంటే ముఖ్యమైనది సైకాలజిస్టుకు, వచ్చిన వ్యక్తికి మధ్య కుదిరే సహకారం. ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో దానిని మూడు పాళ్లుగా విడదీశాడు: ఇద్దరి మధ్య నమ్మకం, ఏది సాధించాలన్న దానిపై ఏకాభిప్రాయం, దానికోసం ఏం చేయాలన్న దానిపై ఏకాభిప్రాయం. భారతీయ సందర్భంలో రెండోది, మూడోది కుదరడం కొంచెం కష్టం. వచ్చిన వ్యక్తి సైకాలజిస్టును సమానుడిగా కాక గురువుగా చూస్తాడు, ఏం చేయాలో మీరే చెప్పండి అంటాడు. పంజాబీ మానసిక వైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లోనే ఈ విషయాన్ని చర్చించి, పాశ్చాత్య దేశాల తటస్థ వైఖరి కంటే గురుశిష్య సంబంధమే ఇక్కడి చికిత్సకు అనువైన నమూనా కావచ్చునని ప్రతిపాదించాడు. ఆ వాదనను యథాతథంగా ఒప్పుకోనక్కరలేదు గానీ, సలహా ఇవ్వకూడదన్న పాఠ్యపుస్తక నియమాన్ని పట్టుకుని మొదటిరోజే మౌనం వహించే సైకాలజిస్టును తెలుగు కుటుంబాలు ఏమీ తెలియనివాడిగా లెక్కవేస్తాయన్నది మాత్రం నిజం. నేర్పుగలవారు తొలినాళ్లలో సమాచారం, చిన్న సూచనలు ఇచ్చి, క్రమంగా నిర్ణయాన్ని వచ్చిన వ్యక్తి చేతికి అప్పగిస్తారు.

ఫలితం ఎంత

మానసిక చికిత్స పొందినవారికీ పొందనివారికీ పెద్ద తేడా లేదని హాన్స్ ఐసెంక్ 1952లో చేసిన విమర్శ ఈ వృత్తిని కుదిపివేసింది. దానికి సమాధానంగా సాగిన పరిశోధనల్లో మేరీ స్మిత్, జీన్ గ్లాస్ 1977లో 375 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ ముఖ్యమైనది. చికిత్స పొందిన సగటు వ్యక్తి, పొందనివారిలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్టు అందులో తేలింది. పద్ధతుల మధ్య తేడాలు అనుకున్నంత పెద్దవి కావని కూడా వారు చూపారు. ఏ పద్ధతి గొప్పదన్న వాగ్వాదం నిపుణుల మధ్య ఇంకా నడుస్తున్నది; సహాయం కోరి వెళ్లేవారికి దానితో పెద్దగా పని లేదు.

ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు మధ్యలోనే మానుకుంటారని 2012లో వెలువడిన విస్తృత విశ్లేషణ తెలిపింది. పెద్దవారిలో 5 నుంచి 10 శాతం మంది చికిత్స కాలంలో మరింత దిగజారుతారన్నది ఈ రంగంలో సాధారణంగా అంగీకరించిన అంచనా. ఈ సంగతిని ముందే చెప్పే సైకాలజిస్టు నమ్మదగినవాడు.

భారతదేశానికి సంబంధించి గోవాలో జరిగిన ప్రయోగం ఎన్నదగినది. విక్రమ్ పటేల్ బృందం మనస్తత్వ శాస్త్రంలో పట్టాలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన కుంగుబాటు బాధితులకు వారిచేత ఆరు నుంచి ఎనిమిది సమావేశాల సహాయం అందింపజేసింది. ఆ బృందం 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మూడు నెలల తరువాత ఈ సహాయం పొందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 శాతం మంది కోలుకున్నారు. కోలుకోవడానికి పేరున్న నిపుణుడే అక్కరలేదని, పద్ధతి తెలిసి, పర్యవేక్షణ ఉన్న మనిషి చాలునని ఈ ప్రయోగం చూపింది.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి

నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, కుంగుబాటు, ఆందోళన వంటి సామాన్య మానసిక రుగ్మతలు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి ఎటువంటి చికిత్సా అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. ఇక్కడి పరిస్థితిని పక్క రాష్ట్రాల అంకెల నుంచి ఊహించవలసిందే.

మనోవ్యథ తెలుగునాట ఎక్కువగా ఒంటి బాధ రూపంలో డాక్టరు వద్దకు చేరుతుంది. గుండె దడ, తల బరువు, కాళ్లు చేతులు లాగడం, గ్యాస్, నీరసం అంటూ మొదట ఊరి ఆర్.ఎం.పి. వద్దకు వెళ్లి బలానికి సెలైన్ పెట్టించుకోవడం, తరువాత పట్టణంలో ఇ.సి.జి., స్కానింగ్ తీయించుకోవడం, అన్నీ బాగానే ఉన్నాయన్న మాట విని మరింత దిగులుపడడం సామాన్యంగా జరిగే క్రమం. మధ్యలో దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం, జాతకం చూపించడం కూడా ఉంటాయి. సైకాలజిస్టు ఈ వరుసలో చివర వస్తాడు, అప్పటికి చేతిలో డబ్బు, ఓపిక రెండూ తరిగిపోయి ఉంటాయి.

హైదరాబాదులోని ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్న ప్రాంతాలు. ఆ పేర్లు, ముఖ్యంగా ఎర్రగడ్డ పేరు, ఎగతాళి మాటల్లో దొర్లడం వల్ల, మనసు గురించి ఏ డాక్టరును కలిసినా పిచ్చి అన్న ముద్ర పడుతుందన్న భయం నాటుకుంది. పెళ్లి సంబంధాలు చూసే వయసులో ఉన్న ఆడపిల్లల విషయంలో ఈ భయం రెట్టింపు. చంద్రముఖి, అపరిచితుడు వంటి అనువాద చిత్రాలు మానసిక సమస్య అనగానే ద్వంద్వ వ్యక్తిత్వం వంటి అరుదైన, నాటకీయమైన స్థితులనే జనం కళ్లముందుంచాయి. నిద్రపట్టక మూడు గంటలకు లేచి వంటింట్లో కూర్చునే మనిషి కథలో తెరకెక్కించదగిన సన్నివేశం లేదు మరి.

విద్యార్థుల విషయంలో మాత్రం న్యాయస్థానం జోక్యం చేసుకోక తప్పలేదు. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సెలర్‌ను గానీ సైకాలజిస్టును గానీ సామాజిక కార్యకర్తను గానీ నియమించాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదని దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విభజించడమే వ్యాపార సూత్రమైన తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీలకు ఈ రెండో ఆదేశం మొదటిదానికంటె ఇబ్బందికరమైనది. కౌన్సెలర్ బోర్డు ఒకటి తగిలించి, మిగిలినదంతా యథాతథంగా నడిపితే ఆ కౌన్సెలర్ చేయగలిగేది స్వల్పం.

విదేశాల్లోని తెలుగువారిది వేరొక చిక్కు. అమెరికాలో సైకాలజిస్టు లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది, తెలుగులో మాట్లాడే నిపుణులు దొరకడం అరుదు. అందువల్ల చాలామంది హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారితో వీడియో ద్వారా మాట్లాడుతున్నారు. దైనందిన ఇబ్బందులకు అది సరిపోవచ్చు గానీ, ప్రాణాపాయ స్థితిలో దూరాన ఉన్న సైకాలజిస్టు చేయగలిగింది తక్కువ; అమెరికాలో 2022 జులై నుంచి 988 అన్న అత్యవసర నంబరు అమలులో ఉంది.

గోప్యత, చట్టం

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను, చికిత్స పొందే వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచబడే హక్కును ఇస్తుంది. అదే చట్టంలోని 115వ సెక్షను ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి, శిక్ష నుంచి రక్షణ కల్పిస్తుంది. గోప్యతకు మినహాయింపులు ఉన్నాయి: తన ప్రాణానికి గానీ ఇతరుల ప్రాణానికి గానీ ముప్పు ఉన్నప్పుడు సంబంధిత వ్యక్తులకు చెప్పవలసి వస్తుంది, పిల్లలపై లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి.

ఆచరణలో గోప్యతకు పరీక్ష వెయిటింగ్ హాలులోనే ఎదురవుతుంది. ఫీజు కట్టిన తండ్రి, మా అబ్బాయి లోపల ఏం చెప్పాడండీ అని అడుగుతాడు. తోడు వచ్చిన అత్తగారు కోడలితో పాటు లోపలికి వచ్చి కూర్చుంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అంగీకారం అవసరం కనుక వారిని పూర్తిగా పక్కనపెట్టడం కుదరదు. ఏ సంగతులు వారికి చెబుతారో, ఏవి చెప్పరో మొదటి రోజే అందరి ఎదుట తేల్చుకోవడం మంచి పద్ధతి.

హద్దులు, జాగ్రత్తలు

మనిషికి లేని మాటలు వినిపించడం, లేని అనుమానాలు బలపడడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా ఉత్సాహం పొంగడం, తిండి మానేయడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన నిలిచిపోవడం వంటి స్థితుల్లో సైకాలజిస్టు ఒక్కడే చాలడు, సైకియాట్రిస్టును కలవాలి. మందులు, మాటల చికిత్స కలిసి సాగడం సర్వసాధారణం, ఒకటి ఉంటే మరొకటి వద్దన్న నియమం లేదు. ప్రైవేటు సైకాలజిస్టుల ఫీజు ఒక్కో సమావేశానికి కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల వరకు ఉంటుంది కనుక, ఎన్ని సమావేశాలు పట్టవచ్చునో మొదటిరోజే అడగడం మర్యాదకు భంగం కాదు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లోను, వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాల్లోను ఈ సహాయం నామమాత్రపు రుసుముతోనో ఉచితంగానో లభిస్తుంది.

పేరుకు ముందు డాక్టరు అని ఉన్నంత మాత్రాన వైద్యుడని గానీ, గోడ మీద సర్టిఫికెట్లు ఉన్నంత మాత్రాన అర్హుడని గానీ అనుకోరాదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే పునరావాస మండలి నమోదు సంఖ్య అడిగి, ఆ మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మూడు నాలుగు సమావేశాల తరువాత కూడా ఏం చేస్తున్నారో అర్థం కాకపోతే ఆ మాట సైకాలజిస్టుతోనే అనాలి. జవాబు తృప్తినివ్వకపోతే మరొకరి వద్దకు మారవచ్చు. సమీపంలో ఎవరూ లేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో కూడా, ఉచితంగా అందుబాటులో ఉంది.